హెవీ డ్యూటీ పికప్‌కు ఎయిర్ హారన్: ఎంపిక నుంచి ఆఖరి నట్టు దాకా

డబ్బా మీద 150 డెసిబెళ్ళు అని అచ్చేసి ఉంటుంది. మూడు బూరలు తళతళా మెరుస్తుంటాయి. తీరా బిగించి నొక్కితే మొదటి అర సెకను పులిలా గర్జించి, ఆ వెంటనే దూడలా అరుస్తుంది. బూరలు నాసిరకం అనుకుని వేరేవి కొంటారు, అవీ అలాగే అరుస్తాయి. చాలాసార్లు తప్పు బూరలది కాదు. వాటికి చేరాల్సిన గాలి దారిలో ఎక్కడో ఇరుక్కుపోతుంది: సన్న పైపులోనో, ఇరుకు వాల్వులోనో, చిన్న ట్యాంకులోనో. అందుకే ఈ పని మొత్తం గాలి లెక్కతో మొదలవ్వాలి, బూరల రంగుతో కాదు.

ఇక్కడ చెప్పేదంతా ర్యామ్ 2500, ఫోర్డ్ ఎఫ్-250, సిల్వరాడో 2500హెచ్‌డీ తరగతి బండ్లను మనసులో పెట్టుకుని చెబుతున్నది. 12 వోల్టుల కరెంటు, నిచ్చెనలాంటి ఛాసిస్ ఫ్రేమ్, హైడ్రాలిక్ బ్రేకులు. పెద్ద లారీల్లో బ్రేకుల కోసం గాలి ఎలాగూ సిద్ధంగా ఉంటుంది, పికప్‌లో ఉండదు. గాలిని మనమే తయారు చేసుకోవాలి, మనమే దాచుకోవాలి.

కొనేముందు ఒక్క మాట. మీ ప్రాంతంలో వాహన నిబంధనలు ఏం చెబుతున్నాయో చూడండి. రకరకాల స్వరాలు మార్చి మోగే హారన్లు, సైరన్‌ను తలపించే హారన్లు చాలా దేశాల్లో రోడ్డు మీద నిషేధం. ఎక్కడైనా సరే, బండితో వచ్చిన అసలు హారన్‌ను తీసేయొద్దు. అది అలాగే ఉండాలి, స్టీరింగ్ నొక్కితే అదే మోగాలి. ఎయిర్ హారన్‌కు విడిగా స్విచ్చి ఉండాలి.

డెసిబెళ్ళ మాయ

డెసిబెల్ అంకె ఒక్కటే చెబితే దానికి అర్థం లేదు. ఎంత దూరంలో కొలిచారన్నది కూడా చెప్పాలి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెళ్ళు పడిపోతుంది. బూర మూతికి 10 సెంటీమీటర్ల దూరంలో 150 వచ్చిందనుకుందాం. 30 మీటర్ల దూరంలో, అంటే 300 రెట్ల దూరంలో, అది దాదాపు 100కు దిగుతుంది. అదే 150ని ఒక మీటరు దగ్గర కొలిచి ఉంటే 30 మీటర్ల దగ్గర 120 రావాలి.

ఇప్పుడు పోల్చి చూడండి. అమెరికాలో రైలింజను హారన్ 100 అడుగుల దూరంలో, అంటే దాదాపు 30 మీటర్ల దగ్గర, 96కు తగ్గకూడదు, 110 దాటకూడదు అని అక్కడి ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ నిబంధన. మరి అరచేతిలో పట్టే ప్లాస్టిక్ హారన్ రైలింజన్ను మించుతుందా? మించదు. ఆ 150ని మూతికి ఆనించి కొలిచారు, అంతే. దూరం రాయని డెసిబెల్ అంకెను లెక్కలోకి తీసుకోకుండా ఉండటమే మంచిది.

ఇంకో సంగతి. ఒకే స్థాయిలో మోగే బూరకు జతగా అలాంటిదే రెండోది పెడితే పెరిగేది 3 డెసిబెళ్ళే. మూడు, నాలుగు, అయిదు బూరలు పెట్టేది ప్రధానంగా స్వరం కోసం. రైలింజన్ల మీద ప్రసిద్ధమైన నేథన్ కే5ఎల్‌ఏ హారన్‌లో అయిదు బూరలు కలిసి ఒక సంగీత శ్రుతిని పలికిస్తాయి. అందులో అన్నిటికన్నా కింది స్వరం సుమారు 311 హెర్ట్జ్. ఆ స్వరం పలకాలంటే బూర లోపలి పొడవు అర మీటరు పైచిలుకు కావాలి. బారెడు బూర బొంగురుగా, జానెడు బూర కీచుగా మోగడానికి కారణం ఇదే. పొట్టి బూరలతో రైలు కూత వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఏ రకం తీసుకోవాలి

ట్యాంకు లేని చిన్న ఎలక్ట్రిక్ ఎయిర్ హారన్ ఒక రకం. పిడికిలంత కంప్రెసర్ బూరకే అతుక్కుని ఉంటుంది, నొక్కిన క్షణంలోనే గాలి పుట్టించి మోగిస్తుంది. 18 నుంచి 20 ఆంప్స్ లాగుతుంది కాబట్టి రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి, తప్పనిసరి. అసలు హారన్ కంటే బాగా గట్టిగా వినబడితే చాలు అనుకునేవాళ్ళకు ఇదే సరైనది. రెండు గంటల పని, నిర్వహణ దాదాపు ఉండదు. నిజం చెప్పాలంటే, ఎక్కువ మందికి ఇంతకు మించి అవసరం లేదు.

తర్వాతి మెట్టు లారీ హారన్లు: ఒకటో రెండో పొడవాటి లోహపు బూరలు, 100 నుంచి 150 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనంతో గాలి, విడిగా ట్యాంకు, కంప్రెసర్. పికప్ మీద ఇది అన్ని రకాలా ఇమిడిపోతుంది.

ఆఖరిది రైలు హారన్. ఇందులో రెండు తెగలు. రైలు హారన్ అని పేరు పెట్టుకున్న ఏబీఎస్ ప్లాస్టిక్ లేదా రేకు బూరల కిట్లు ఒకటి. నేథన్, లెస్లీ లాంటి అసలు రైలింజను పోత హారన్లు రెండోది. అసలువి దుక్కల్లా ఉంటాయి, చోటు తింటాయి, గాలిని గుటకలేస్తాయి. వీటికి చిన్న ట్యాంకు పెడితే డబ్బు దండగ.

గాలి లెక్క

ఈ భాగం ఓపిగ్గా చదవండి. మిగతా నిర్ణయాలన్నీ దీన్నుంచే వస్తాయి.

ట్యాంకు లీటర్లను, తగ్గే పీడనాన్ని గుణించి 14.7తో (చుట్టూ ఉండే మామూలు గాలి పీడనం, పీఎస్‌ఐలో) భాగిస్తే ఎంత మామూలు గాలి బయటికొస్తుందో తెలుస్తుంది. 5 గ్యాలన్ల ట్యాంకు అంటే సుమారు 19 లీటర్లు. అది 150 నుంచి 100 పీఎస్‌ఐకి దిగేలోపు ఇచ్చే గాలి దాదాపు 65 లీటర్లు. 2 గ్యాలన్ల ట్యాంకు, అంటే 7.6 లీటర్లది, అదే పరిధిలో ఇచ్చేది 26 లీటర్లు మాత్రమే. 100 కింద కూడా హారన్ మోగుతుంది గానీ స్వరం నీరసపడుతుంది, బొంగురు బూరలు ముందే మూగబోతాయి.

ఇప్పుడు నింపే లెక్క. ఖాళీ 5 గ్యాలన్ల ట్యాంకును 145 పీఎస్‌ఐకి నింపాలంటే సుమారు 187 లీటర్ల గాలి తోడాలి. నిమిషానికి సగటున 28 లీటర్లు, అంటే ఒక సీఎఫ్ఎం (నిమిషానికి ఒక ఘనపుటడుగు) ఇచ్చే కంప్రెసర్‌కు ఆరేడు నిమిషాలు పడుతుంది. ఇక్కడే డ్యూటీ సైకిల్ అనే మాటను పట్టించుకోవాలి. 33 శాతం అని రాసి ఉంటే, పది నిమిషాల్లో మూడున్నర నిమిషాల లోపే నడవాలని అర్థం. ఆరేడు నిమిషాలు ఏకబిగిన నడిపితే మోటారు వేడెక్కి, లోపలి థర్మల్ స్విచ్చి ఆపేస్తుంది. ఆ స్విచ్చి లేని చౌకరకమైతే పిస్టన్ రింగే అరిగిపోతుంది. 5 గ్యాలన్లు, ఆపైన ఉన్న ట్యాంకుకు 100 శాతం డ్యూటీ సైకిల్ ఉన్న కంప్రెసరే తీసుకోండి. ఆ శాతాన్ని ఏ పీడనం దగ్గర చెప్పారో కూడా చూడండి. 100 పీఎస్‌ఐ దగ్గర 100 శాతం అన్నది 200 దగ్గర అంతే ఉండదు.

కంప్రెసర్ గరిష్ఠ పీడనం, ప్రెషర్ స్విచ్చి, ట్యాంకు రేటింగు, సేఫ్టీ వాల్వు, బూరలు: ఈ అయిదూ ఒక మాట మీద ఉండాలి. 110 దగ్గర మొదలై 145 దగ్గర ఆగే స్విచ్చికి 175 పీఎస్‌ఐ సేఫ్టీ వాల్వు సరిపోతుంది. 165/200 స్విచ్చి పెట్టి 150 పీఎస్‌ఐ ట్యాంకు తగిలించడం బాంబు కట్టుకోవడమే.

ఇక పైపు. బయటి వ్యాసం పావు అంగుళం ఉన్న నైలాన్ పైపు లోపలి వ్యాసం 0.17 అంగుళాలు. అర అంగుళం పైపు లోపలి వ్యాసం దాదాపు 0.376. వైశాల్యంలో తేడా అయిదు రెట్లు. చౌక కిట్లలో పావు అంగుళం పైపే వస్తుంది. ఒక చిన్న బూరకు అది చాలు. మూడు బూరలకు దాన్ని వాడటమంటే గొట్టంతో బావి తోడటమే. పాతిక రూపాయల పనికి రూపాయి వెచ్చించినట్టు ఉంటుంది.

కరెంటు తగిలితే తెరుచుకుని బూరలకు గాలి వదిలే సాలినాయిడ్ వాల్వు దగ్గరా ఇదే మోసం. మరలు అర అంగుళమే ఉంటాయి, లోపల గాలి పోయే రంధ్రం పెన్సిల్ ములుకంత ఉంటుంది. మర కొలత కాదు, లోపలి రంధ్రం కొలత అడిగి కొనండి. పైపు లోపలి వ్యాసం కంటే అది చిన్నది కాకూడదు.

కొనాల్సిన సామాను

రెండు మూడు లోహపు బూరలకు, 5 గ్యాలన్ల ట్యాంకుకు సరిపడే జాబితా ఇది:

– 12 వోల్టుల కంప్రెసర్, దాని అల్లిక తీగ గొట్టం, చెక్ వాల్వు (గాలిని ఒకే దిశలో పోనిచ్చేది), ఎయిర్ ఫిల్టరుతో సహా
– 5 గ్యాలన్ల ట్యాంకు, కనీసం ఆరు రంధ్రాలున్నది, అందులో ఒకటి అడుగున ఉండాలి
– 110/145 ప్రెషర్ స్విచ్చి, 175 పీఎస్‌ఐ సేఫ్టీ వాల్వు, డ్రెయిన్ కాక్ (అడుగున చేరిన నీళ్ళు వదిలే కుళాయి), పీడనం చూపే గేజి
– అర అంగుళం సాలినాయిడ్ వాల్వు, అర అంగుళం ఎయిర్ బ్రేకు రకం నైలాన్ పైపు 6 మీటర్లు
– 40 ఆంప్స్ రిలేలు రెండు, సాకెట్లతో
– 40 ఆంప్స్, 10 ఆంప్స్, 3 ఆంప్స్ ఫ్యూజులు, హోల్డర్లు
– 8 గేజి రాగి తీగ 7 మీటర్లు, 16 గేజి తీగ 15 మీటర్లు, ముడతల గొట్టం
– 1ఎన్4007 డయోడు ఒకటి, నొక్కుడు స్విచ్చి ఒకటి, ఆన్-ఆఫ్ స్విచ్చి ఒకటి
– 8.8 గ్రేడు ఎం8 బోల్టులు, నైలాన్ రింగున్న లాక్ నట్లు, వెడల్పాటి వాషర్లు

స్టీలు ట్యాంకు చౌక, కానీ లోపలి నుంచి తుప్పు పడుతుంది, అది పైకి కనబడదు. అల్యూమినియం పెడితే ఆ బెంగ ఉండదు. సేఫ్టీ వాల్వు మాత్రం పాతది, వాడినది పెట్టకండి.

చోటు చూడటం

బండి కిందికి దూరి, టార్చి వేసుకుని, అరగంట ఊరికే చూడండి. ఇంధన ట్యాంకు సాధారణంగా డ్రైవరు వైపు, పొగగొట్టం అవతలి వైపు. స్పేరు టైరు వెనక ఆక్సిల్‌కు వెనక. కొందరు స్పేరు టైరు తీసేసి ఆ గూట్లో ట్యాంకు, కంప్రెసర్, బూరలు అన్నీ సర్దేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. మూడున్నర టన్నుల బండి రాత్రిపూట పంక్చరై నిలిచినప్పుడు ఆ అందం గుర్తుకురాదు. స్పేరు టైరు జోలికి పోకండి.

ట్యాంకుకు ఫ్రేమ్ పట్టెకు లోపలివైపు, క్యాబ్‌కూ వెనక చక్రానికీ మధ్య ఉండే చోటు బాగుంటుంది. కంప్రెసర్‌ను అక్కడే, కాకపోతే ట్యాంకు కంటే ఎత్తులో పెట్టండి. చెక్ వాల్వు కాస్త కారినా నీళ్ళు కంప్రెసర్‌లోకి దిగవు. గాలి పీల్చే ఫిల్టరును మాత్రం ఓ గొట్టంతో పైకి, బురద నీళ్ళు అందనిచోటికి తీసుకెళ్ళండి. చాలా కంప్రెసర్లు చచ్చేది మోటారు పాడై కాదు, ఫిల్టరులోంచి నీళ్ళు మింగి.

కొలతలు నాలుగు గుర్తుంచుకోండి. పొగగొట్టానికి కనీసం 15 సెంటీమీటర్లు, డీజిల్ బండిలో మసి ఫిల్టరు దగ్గరైతే ఇంకా ఎక్కువ, మధ్యలో వేడి అడ్డే రేకు. మసి ఫిల్టరు తనను తాను కాల్చుకుని శుభ్రపడే సమయంలో లోపలి వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, నైలాన్ పైపు తట్టుకునేది సుమారు 93 డిగ్రీలు. వెనక ఆక్సిల్ పైకి ఎంత లేస్తుందో బంప్ స్టాపు (ఆక్సిల్ తగిలి ఆగే రబ్బరు దిమ్మ) దాకా ఊహించి, ఆపైన 5 సెంటీమీటర్లు వదలండి. ఖాళీ బండిలో చాలినంత ఖాళీ కనిపిస్తుంది, బరువేసి గుంతలో పడితే అది మాయమవుతుంది. బ్రేకు గొట్టాలకు, ఇంధన గొట్టాలకు ఏదీ ఆనకూడదు. రేడియేటరు, ఇంటర్‌కూలరు ముందు బూరలు పెట్టకండి, గాలికి అడ్డొస్తాయి. ముందు బంపర్ దగ్గర ఎయిర్‌బ్యాగు సెన్సార్లు ఉంటాయి, వాటి చుట్టుపక్కలకు అసలు పోవద్దు.

బూరల మూతి ఎటు? ముందు ఉన్నవాళ్ళకు వినబడాలంటే ముందుకే. కానీ ముందు చక్రాలు చిమ్మే బురద నేరుగా వాటిలోకే వస్తుంది. ఫ్రేమ్‌కు బయటివైపు, ముందుకూ పక్కకూ చూసేలా పెట్టి, మూతిని 5 నుంచి 10 డిగ్రీలు కిందికి వంచండి. లోపల చేరిన నీళ్ళు వాటంతటవే కారిపోవాలి. మూతికి ఎదురుగా అర మీటరు లోపు రేకు, చక్రం, అడ్డపట్టె లేకుండా చూడండి. ఫ్రేమ్‌కూ తొట్టికీ మధ్య దాచిపెడితే శబ్దం అక్కడే సగం చచ్చిపోతుంది.

బిగింపు: గాలి వైపు

చదునైన నేల, హ్యాండ్ బ్రేకు, చక్రాలకు అడ్డాలు. బండి లేపాల్సివస్తే జాకీ మీద నమ్మకం వద్దు, స్టాండ్లు పెట్టండి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పేయండి. హెవీ డ్యూటీ డీజిల్ పికప్‌లో తరచూ రెండు బ్యాటరీలుంటాయి, రెండిటివీ విప్పాలి.

ఫ్రేమ్‌కు రంధ్రాలు వేసేముందు ఉన్న రంధ్రాలు వెతకండి, చాలా ఉంటాయి. ఫ్రేమ్ పట్టె పై అంచుకూ కింది అంచుకూ డ్రిల్ పెట్టకూడదు. బరువును మోసేది ఆ అంచులే, అక్కడ వేసిన రంధ్రం నుంచే పగులు మొదలవుతుంది. వెల్డింగు ఊసే వద్దు, ట్యాంకుకు అంతకన్నా వద్దు. తప్పదనుకుంటే పట్టెను చుట్టి పట్టుకునే యూ బోల్టు బ్రాకెట్లు వాడండి. ట్యాంకు కాళ్ళ కింద పలచటి రబ్బరు, కంప్రెసర్ కాళ్ళకు దానితో వచ్చిన రబ్బరు బుష్షులు. ఆ బుష్షులు నలిగిపోయేలా బిగిస్తే కంపనం నేరుగా ఫ్రేమ్‌లోకి దిగి క్యాబ్‌లో గుయ్యిమంటుంది.

ట్యాంకును డ్రెయిన్ కాక్ వైపు రెండు మూడు డిగ్రీలు వాలుగా బిగించండి. అడుగున ఉన్న కాక్‌కు ఓ తీగ కట్టి పక్కకు లాగి పెట్టుకుంటే, ప్రతిసారీ బండి కిందికి దూరే పని తప్పుతుంది.

ట్యాంకును బండికి ఎక్కించకముందే ఫిట్టింగులన్నీ బల్ల మీద బిగించేయడం తేలిక. మరల మీద టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్లు, మర బిగిసే దిశలోనే. మొదటి మర మీద టేపు ఉండకూడదు. అక్కడి నుంచి తెగిన నూలుపోగంత ముక్క సాలినాయిడ్ వాల్వులో ఇరుక్కుంటే హారన్ ఆగకుండా మోగుతూనే ఉంటుంది. చేత్తో బిగిసేదాకా తిప్పి, ఆపైన స్పానరుతో ఒకటిన్నర నుంచి రెండు చుట్లు. ఇత్తడి ఫిట్టింగును ఇంకా బిగిస్తే బలం రాదు, పగులుతుంది. ద్రవ రూపంలో దొరికే మర సీలెంటు వాడితే కంపనాలకు ఇంకా బాగా నిలుస్తుంది.

ప్రెషర్ స్విచ్చిని ట్యాంకుకే పెట్టండి, కంప్రెసర్ గొట్టం మీద పెట్టకండి. అక్కడ పీడనం ఎగుడుదిగుడుగా ఉండి స్విచ్చి టకటకా కొట్టుకుంటుంది. కంప్రెసర్ నుంచి ట్యాంకుకు వచ్చే అల్లిక గొట్టాన్ని కోయకండి, దాని బదులు నైలాన్ పైపు వేయకండి. కంప్రెసర్ తల దగ్గర గాలి కాలిపోతూ వస్తుంది, నైలాన్ మెత్తబడి ఊడిపోతుంది. చెక్ వాల్వు మీది బాణం ట్యాంకు వైపు చూడాలి.

నైలాన్ పైపును కత్తెరతో కోయొద్దు, పైపు కట్టరు వాడండి. కోత నిటారుగా ఉండాలి. నొక్కి బిగించే ఫిట్టింగులో పైపు దాదాపు 20 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. ముందే స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకుని, గీత మాయమయ్యేదాకా తోయండి, ఆపైన వెనక్కి లాగి చూడండి. సగం దూరిన పైపు మొదట్లో కారదు, నెల తర్వాత నడిరోడ్డు మీద ఠప్పున ఊడుతుంది.

సాలినాయిడ్ వాల్వు బూరలకు వీలైనంత దగ్గర ఉండాలి, మీటరు లోపు ఉంటే మంచిది. ట్యాంకు పక్కన పెట్టి అక్కడి నుంచి మూడు మీటర్ల పైపు లాగితే, నొక్కిన తర్వాత ఆ పైపంతా నిండాకే మోగుతుంది, వదిలాక కూడా కాసేపు మూలుగుతుంది. వాల్వుకూ బూరలకూ మధ్య ఒక టీ (T ఆకారపు మూడు దారుల ఫిట్టింగు) పెట్టి, దానికి బిరడా బిగించి ఉంచండి. దాని ఉపయోగం కింద వస్తుంది.

బరువు మోసేందుకు ఎయిర్ స్ప్రింగులు ఉన్న బండిలో ఒకే ట్యాంకు నుంచి రెండిటికీ గాలి ఇవ్వాలనుకుంటే, స్ప్రింగుల వైపు చెక్ వాల్వు వేయండి. లేకపోతే హారన్ గట్టిగా నొక్కిన ప్రతిసారీ బండి వెనక భాగం కుంగుతుంది.

బిగింపు: కరెంటు వైపు

రెండు విడి సర్క్యూట్లు. కంప్రెసర్‌ది ఒకటి, వాల్వుది ఒకటి.

కంప్రెసర్ 30 ఆంప్స్ దాకా లాగుతుందనుకుందాం. బ్యాటరీ నుంచి వెనక్కి 6 మీటర్ల తీగ. 14 గేజి తీగైతే దారిలోనే దాదాపు ఒకటిన్నర వోల్టు పోతుంది, తీగ వేడెక్కుతుంది. 10 గేజిలో 0.6, 8 గేజిలో 0.4 వోల్టు లోపు. 40 ఆంప్స్ ఫ్యూజు వేస్తున్నప్పుడు 8 గేజి తీగే వాడండి. ఫ్యూజు కాపాడేది తీగను, కంప్రెసర్‌ను కాదు. అందుకే ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు లోపు ఉండాలి. కంప్రెసర్ దగ్గర పెడితే, మధ్యలో ఎక్కడ తీగ ఒరుసుకుని ఫ్రేమ్‌కు తగిలినా మంటే.

తీగలు ఇలా కలుస్తాయి. బ్యాటరీ పాజిటివ్ నుంచి 40 ఆంప్స్ ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30వ కాలు. 87వ కాలు నుంచి కంప్రెసర్ ఎర్ర తీగ. కంప్రెసర్ నల్ల తీగ ఎర్తుకు. తాళం తిప్పితేనే వచ్చే కరెంటు నుంచి 3 ఆంప్స్ ఫ్యూజు, ఆపైన ప్రెషర్ స్విచ్చి, అక్కడి నుంచి రిలే 86వ కాలు. 85వ కాలు ఎర్తుకు. ప్రెషర్ స్విచ్చి గుండా కంప్రెసర్ కరెంటు పోనివ్వకండి, దాని కాంటాక్టులు మాడి అతుక్కుంటాయి. అప్పుడు కంప్రెసర్ ఆగదు, సేఫ్టీ వాల్వు బుస్సుమని ఊదుతూ ఉంటుంది. తాళం కరెంటే ఎందుకంటే, అలా కాకపోతే, ఎక్కడైనా గాలి కారుతుంటే కంప్రెసర్ రాత్రంతా మేలుకుని పొద్దున్నకు బ్యాటరీని పీల్చేస్తుంది.

ఎర్తు తీగను బ్యాటరీ నెగటివ్ పోస్టుకు తగిలించాలనిపిస్తుంది. కొత్త బండ్లలో ఆ పోస్టు మీద కరెంటును కొలిచే సెన్సారు ఉంటుంది. దాన్ని తప్పించి నేరుగా పోస్టుకు కలిపితే, బ్యాటరీ లెక్క తప్పి ఛార్జింగు గందరగోళమవుతుంది. ఫ్రేమ్ మీద కంపెనీ ఇచ్చిన ఎర్తు బోల్టుకు, రంగు గీకి మెరిసే లోహం కనబడేలా చేసి బిగించండి, పైన గ్రీజు పూయండి.

వాల్వు సర్క్యూటు చిన్నది, ఒకటి రెండు ఆంప్స్. బ్యాటరీ నుంచి 10 ఆంప్స్ ఫ్యూజు, రెండో రిలే 30వ కాలు, 87 నుంచి వాల్వు, వాల్వు రెండో తీగ ఎర్తుకు. క్యాబ్‌లో తాళం కరెంటు నుంచి ఆన్-ఆఫ్ స్విచ్చి, తర్వాత నొక్కుడు స్విచ్చి, అక్కడి నుంచి 86. 85 ఎర్తుకు. ఆన్-ఆఫ్ స్విచ్చి పిల్లలు ఎక్కినప్పుడు, బండి సర్వీసుకు ఇచ్చినప్పుడు అక్కరకొస్తుంది. వాల్వు రెండు తీగల మధ్య డయోడు వేయండి, వెండి గీత ఉన్న వైపు పాజిటివ్‌కు. వాల్వు ఆగిన క్షణంలో దాని చుట్ట నుంచి వెనక్కి తన్నే వోల్టేజిని అది మింగేస్తుంది. డయోడు తిరగబడితే అది మాడిపోవచ్చు, ఫ్యూజూ పోవచ్చు, భయపడక్కర్లేదు, కొత్తది సరైన దిశలో పెట్టండి.

స్టీరింగ్ హారన్ తీగ నుంచే ఎయిర్ హారన్‌ను మోగించాలని కొందరికి ముచ్చట. అప్పుడు రిమోట్‌తో తలుపు తాళం వేసినప్పుడల్లా, దొంగ అలారం మోగినప్పుడల్లా ఇదీ మోగుతుంది. పార్కింగ్‌లో పక్కన నిలబడ్డ మనిషి గుండె ఆగినంత పనవుతుంది. బండితో వచ్చిన అదనపు స్విచ్చిలు, అప్‌ఫిట్టర్ స్విచ్చిలంటారే, అవి ఉంటే వాటినే వాడండి. ఒక్కో స్విచ్చి ఎన్ని ఆంప్స్ మోస్తుందో బండి పుస్తకంలో ఉంటుంది, వాల్వుకు ఏదైనా సరిపోతుంది.

క్యాబ్‌లోకి తీగ తీసుకెళ్ళే చోట రబ్బరు గ్రోమెట్ తప్పదు. ఒట్టి రేకు అంచు కత్తే.

మొదటిసారి నింపడం, పరీక్ష

బ్యాటరీలు కలిపి, ఇంజను స్టార్ట్ చేసి, కంప్రెసర్ నడవనివ్వండి. గేజి చూస్తూ ఉండండి. 145 దగ్గర దానంతటదే ఆగాలి. ఆగకపోతే 150 దాటకముందే తాళం తీసేయండి. అన్ని జాయింట్ల మీద సబ్బు నీళ్ళు బ్రష్‌తో పూయండి. బుడగ కనిపించిన చోట గాలి వదిలేసి, విప్పి, కొత్త టేపు చుట్టి బిగించండి. పీడనం ఉండగా బిగించే ప్రయత్నం చేయకండి.

రాత్రంతా ఉంచి పొద్దున్న గేజి చూస్తారు, 145 ఉన్నది 134 కనిపిస్తుంది. కంగారుపడకముందు వాతావరణం గుర్తు చేసుకోండి. సాయంత్రం 30 డిగ్రీలుండి తెల్లవారుజామున 10 డిగ్రీలకు పడితే, చుక్క గాలి కారకపోయినా పీడనం దాదాపు అంతే తగ్గుతుంది. అంతకంటే తగ్గితేనే లీకు.

ఇప్పుడు మోగించాలి. చెవుల్లో బిరడాలు, పైన మఫ్స్. బూరల ఎదుట ఎవరూ ఉండకూడదు, బండి కింద చచ్చినా ఉండకూడదు. 120 డెసిబెళ్ళ పైన వినికిడి అక్కడికక్కడే దెబ్బతినొచ్చు, పోయిన వినికిడి తిరిగి రాదు. మూసి ఉన్న గ్యారేజీలో వద్దు.

టీ దగ్గర బిరడా తీసి రెండో గేజి పెట్టండి. ట్యాంకు గేజి 145 చూపుతుండగా, రెండు సెకన్లు నొక్కి రెండో గేజి చూడండి. మోగేటప్పుడు అక్కడ 100కు పైగా ఉంటే దారి బాగుంది. 60 చూపిస్తే, మధ్యలోని 85 పీఎస్‌ఐని పైపో వాల్వో తినేస్తోంది. వాల్వుకు ముందు ఇంకో గేజి పెడితే దోషి ఎవరో కూడా తేలిపోతుంది. కొత్త బూరలు కొనేముందు ఈ పది నిమిషాల పరీక్ష చేసి తీరాలి. తర్వాత కంప్రెసర్ ఫ్యూజు తీసి, మూడు సెకన్లు నొక్కి ట్యాంకులో ఎంత తగ్గిందో రాసుకోండి. 145 నుంచి 105కి పడితే 5 గ్యాలన్ల ట్యాంకు 52 లీటర్లు ఇచ్చిందన్నమాట, సెకనుకు 17. మీకు ఎన్ని సెకన్ల మోత కావాలో అనుకుని, ఆ అంకెతో ట్యాంకు సరిపోతుందో లేదో చూసుకోండి.

తర్వాత వచ్చే రోగాలు

ఒక బూర మోగి ఇంకోటి మూగపోతే, మోగని దాని వెనక మూత విప్పండి. డయాఫ్రం (గాలికి అదిరి శబ్దం పుట్టించే పలచటి పొర) మీద ఇసుక, తుప్పు, ఒక్కోసారి కందిరీగ గూడు కనిపిస్తుంది. మెత్తని గుడ్డతో తుడిచి, స్క్రూలు ఎదురెదురుగా సమానంగా బిగించండి. ఒక పక్క ఎక్కువ బిగిస్తే డయాఫ్రం వంకరై స్వరం గరగరమంటుంది.

హారన్ నొక్కకపోయినా సన్నగా ఊదుతుంటే వాల్వులో చెత్త. విప్పి కడిగితే పోతుంది.

కంప్రెసర్ ఖాళీ ట్యాంకుతో బాగా నడిచి, 110 దగ్గర తిరిగి మొదలవ్వాల్సినప్పుడు మాత్రం గుర్రుమని ఫ్యూజు పోతుంటే, చెక్ వాల్వు చెడింది. ట్యాంకు పీడనమంతా పిస్టన్ మీద కూర్చుని ఉంది, మోటారు ఎత్తలేకపోతోంది. ఫ్యూజు పెద్దది వేయడం దీనికి మందు కాదు.

కంప్రెసర్ నడుస్తున్నా పీడనం 90 దగ్గరే ఆగిపోతే మూడు అనుమానాలు: ఫిల్టరు మూసుకుపోయింది, పెద్ద లీకు, లేదా పిస్టన్ రింగు అరిగింది. నడుస్తుండగా కంప్రెసర్ తీగల దగ్గర వోల్టేజి కూడా కొలవండి, 12.5 కంటే తక్కువుంటే ఎర్తు జాయింటు తుప్పు పట్టిందేమో చూడండి.

అన్నిటికన్నా మొండిది నీళ్ళు. 30 డిగ్రీల తేమ వాతావరణంలో ఖాళీ 5 గ్యాలన్ల ట్యాంకును ఒక్కసారి నింపితే లోపల సుమారు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు నీళ్ళు పేరుకుంటాయి. రోజూ వాడే బండిలో పది రోజులకు ట్యాంకు అడుగున మడుగే. అది బూరల్లోకి పోతే గొంతు జలుబు చేసినట్టు మోగుతుంది, చలికి గడ్డకడితే వాల్వు తెరుచుకోదు, లేదా తెరుచుకుని మూసుకోదు. వారానికోసారి, వానల్లో మూడు రోజులకోసారి, పీడనం 20 పీఎస్‌ఐ దాకా తగ్గించి డ్రెయిన్ కాక్ తీయండి. తుప్పు రంగు నీళ్ళు వస్తున్నాయంటే స్టీలు ట్యాంకు లోపల తినేస్తోందని గుర్తు. అలాంటి ట్యాంకుకు అతుకులు వేయించకండి, మార్చేయండి. సేఫ్టీ వాల్వు రింగు పట్టుకుని ఏడాదికి రెండుసార్లు లాగి చూడండి. బుస్సుమని వదిలి, వదలగానే గట్టిగా మూసుకోవాలి.